నడిపి చూడని టిక్కు

నాకు ముక్కు మీద కోపం అంటారు మా ఇంట్లో. అననివ్వండి. కోపం రావలసిన చోట కూడా నవ్వుతూ కూర్చునేవాళ్ళని చూస్తే నాకు ఇంకా కోపం. చిన్నప్పటినుంచీ మా మామయ్య నన్ను 'మిరపకాయ' అనే పిలుస్తాడు. ఆయన కంపెనీలో చేరి పద్దెనిమిదేళ్ళయినా ఆ పేరు పోలేదు సరికదా, కాస్త కురచై 'మిరప'గా మా వెబ్‌సైట్‌లోకి కూడా ఎక్కింది. ఎక్కడెక్కడి కస్టమర్లో ఫోన్ చేసి ఎంతో మర్యాదగా "మిరపగారూ" అంటారు. నేనూ పలుకుతాను.

కంపెనీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ముగ్గురు మనుషులు, పదకొండు కంప్యూటర్లు. ముప్ఫై ఏళ్ళ కిందట మామయ్య ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేసి దానికి కంపైలర్ రాశాడు. మనిషి రాసుకున్న ప్రోగ్రామును కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చిపెట్టేదే కంపైలర్. పెద్ద పెద్ద సంస్థలు మా వైపు కన్నెత్తి కూడా చూడవు. చిన్న వర్క్‌షాపులు, ల్యాబులు, గోడౌన్లు మా భాషలో తమకు కావలసిన ప్రోగ్రాములు రాసుకుని ఏళ్ళ తరబడి వాడుకుంటాయి. వాళ్ళు మమ్మల్ని అడిగేది ఒక్కటే. కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మారినా తమ ప్రోగ్రాము మునుపటిలాగే నడవాలి.

అది అనుకున్నంత సులువు కాదు. ఆ సిస్టమ్‌లు చేసే మహానుభావులు రెండేళ్ళకోసారి ఏదో ఒకటి మారుస్తారు. ఎందుకు మార్చారో చెప్పరు, మాలాంటి వాళ్ళకు ముందుగా ఒక ముక్క కూడా చెప్పరు. అందుకే మా వెబ్‌సైట్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఏ సిస్టమ్ మీద మా కంపైలర్ నడుస్తుందో, ఏ సిస్టమ్ మీద నడవదో అందులో చూసుకోవచ్చు. నడిచేదానికి ఎదురుగా టిక్కు, టిక్కు పక్కన దాన్ని పరీక్షించిన మనిషి పేరు. ఆ నియమం మామయ్యే పెట్టాడు. వెనక గదిలో నిజమైన కంప్యూటర్ మీద ఆ సిస్టమ్ ఎక్కించి, ఆరువందల నలభై పరీక్ష ప్రోగ్రాములూ నడిపి, తెర మీద వచ్చింది కళ్ళతో చూసినవాళ్ళే టిక్కు పెట్టాలి. ఒక్కటి తప్పినా టిక్కు లేదు. పదకొండేళ్ళుగా ఆ పట్టికలో టిక్కులన్నీ నావే.

ఈ మధ్య అమ్మకు మోకాలి ఆపరేషన్ అయితే తొమ్మిది వారాలు సెలవు పెట్టి దగ్గరుండి చూసుకున్నాను. తిరిగి వచ్చిన నాలుగో రోజు, గురువారం పొద్దున్న ఫోన్ మోగింది.

"మిరపగారేనా అండీ?" ఎంత నెమ్మదిగా అడిగాడంటే, రిసీవర్ చెవికి అదిమి పెట్టుకోవలసి వచ్చింది. "హమ్మయ్య. ఇన్నాళ్ళూ ఎవరో వేరే ఆయన ఎత్తారండీ. మా వైపు సమస్యేం లేదు, మీ ప్రోగ్రామే చూసుకోండి అన్నారు. చూసుకున్నానండీ. ఇరవై రోజులుగా చూస్తూనే ఉన్నాను. నాకు దొరకట్లేదు."

గొంతు గుర్తుపట్టాను. కళ్ళద్దాలు తయారుచేసే ఒక ల్యాబులో పనిచేస్తాడు. లెన్సుల లెక్క చూసే ప్రోగ్రాము ఆయనే రాశాడు. డాక్టర్ రాసిన పవర్ తీసుకుని, ఫ్రేము కంటికి ఎంత దూరంలో కూర్చుంటుందో చూసి, అరపావు కలపడమో తీసేయడమో చేసి, చివరికి దగ్గరలో ఉన్న పావుకు సరిచేసి, లెన్సు అరగదీసే మిషన్‌కు పంపుతుందది. పాపం ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఫోన్ చేస్తాడు, అదీ పండగ శుభాకాంక్షలు చెప్పినంత మొహమాటంగా.

"అసలేమైంది?" అన్నాను.

"లెన్సులు తేడాగా వస్తున్నాయండీ. అన్నీ కాదు, కొన్నే. పావు తక్కువ వస్తోంది. నలభై మూడు జతలు వెనక్కి వచ్చాయి. తలనొప్పి, కళ్ళు లాగడం. ప్రోగ్రాములో నేను ఒక్క అక్షరం మార్చలేదండీ. కంప్యూటర్లు కొత్తవి తెచ్చారు, అంతే."

"కొత్త వాటిలో ఏ సిస్టమ్ ఉంది?"

"మొన్న వచ్చిన కొత్తదేనండీ. మీ పట్టికలో టిక్కు చూశాకే సరేనన్నాను. పక్కన మీ పేరుంది కదా. మీ పేరుంటే నేను ఇంక రెండోసారి చూడనండీ."

కొత్త సిస్టమ్‌కు నేను టిక్కు పెట్టలేదు. అది విడుదలైన రోజున నేను ఆసుపత్రి వరండాలో అమ్మ ఎక్స్‌రే కోసం నిలబడి ఉన్నాను. ఒక చేత్తో ఫోన్ పట్టుకునే వెబ్‌సైట్ తెరిచాను. పట్టికలో చివరి వరసలో టిక్కు. పక్కన 'మిరప'. తల తిప్పి వెనక గదిలోకి చూశాను. కొత్త సిస్టమ్‌ను పరీక్షించడానికి తెప్పించిన కంప్యూటర్ బల్ల కింద పెట్టెలోనే ఉంది. పెట్టెకు వేసిన టేపు కూడా ఎవరూ కోయలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా ఓనరుగారు సోమవారం దాకా చూస్తానన్నారండీ," అంటున్నాడు ఆయన. "తప్పెక్కడుందో చూపిస్తే సరే, లేకపోతే ఇంక రావద్దన్నారు. ఇరవై రెండేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నానండీ. ఈ యాభై ఆరేళ్ళ వయసులో ఎవరు తీసుకుంటారు? పోనీలెండి, మీకెందుకు ఈ గోలంతా. నేను ఎక్కడ పొరబడ్డానో చెప్తే చాలండీ."

టిక్కు నమ్మిన మనిషి 'నేను ఎక్కడ పొరబడ్డాను' అని నన్నే అడుగుతున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. సోమవారం పొద్దున్నకల్లా తప్పెవరిదో తేలుస్తానని మాటిచ్చి ఫోన్ పెట్టేసి, కత్తెర తీసుకుని వెళ్ళి పెట్టె టేపు కోశాను.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆరువందల నలభై పరీక్షలూ అయ్యాయి. ఆరువందల ముప్ఫై ఏడు నెగ్గాయి. తప్పిన మూడూ ఒకే రకం. ఒక సంఖ్య సరిగ్గా రెండు మెట్ల మధ్యన పడినప్పుడు పై మెట్టుకు వెళ్ళాలని మా భాష మాన్యువల్ నాలుగో పేజీలోనే ఉంటుంది. పాత సిస్టమ్‌లు అలాగే చేసేవి. కొత్తది ఒకసారి పైకి, ఒకసారి కిందికి పంపుతోంది. వాళ్ళు ఏదో ప్రమాణం ప్రకారం మార్చారట. మార్చుకోనీ. మా కంపైలర్ మాత్రం ఆ చిన్న లెక్కను తను చేయకుండా సిస్టమ్‌కే వదిలేసింది. ముప్ఫై ఏళ్ళ కిందట మామయ్య బద్ధకించిన చోటు అది. రెండు రోజులు కూర్చుని పరీక్షించి ఉంటే ఎవరికైనా కనిపించేది.

కాఫీ కప్పు పట్టుకుని అప్పుడే వచ్చాడు అల్లుడుగారు. మామయ్య కూతురు నాకు వదిన. ఆమె భర్త కాబట్టి ఈయన నాకు అన్నయ్య వరస. ఏడాదిన్నర కిందట 'అమ్మకాలు చూస్తాను' అంటూ కంపెనీలో చేరాడు.

"ఏంటి చెల్లెమ్మా, వచ్చీ రాగానే వెనక గదిలో దూరావ్?" అన్నాడు.

"కొత్త సిస్టమ్‌కి టిక్కు ఎవరు పెట్టారు అన్నయ్యా?"

"ఓ, అదా! నేనే. విడుదలైన రోజే మన పేరు కనపడాలి కదా. మిగతావాళ్ళంతా నెల తర్వాత పెడతారు. మనం మొదటి రోజే పెట్టాం. ఎంతమంది ఫోన్ చేశారో తెలుసా?"

"నడిపి చూశావా?"

"పాతదాంట్లో నడిచింది కొత్తదాంట్లో నడవదా? నువ్వెలాగూ వచ్చాక చూస్తావు కదా అని..."

"మరి నా పేరెందుకు పెట్టావ్?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "నా పేరు పెడితే ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

అంత నిజాయితీగా చెప్పినందుకు మెచ్చుకోవాలో, చేతిలోని కప్పు లాక్కుని నెత్తిన కుమ్మరించాలో తెలియలేదు. రెండూ చేయలేదు. అద్దాల ల్యాబు సంగతి మొత్తం చెప్పాను. నలభై మూడు జతలు, సోమవారం గడువు, మనిషి ఉద్యోగం. ఆయన కప్పులోకి చూస్తూ విన్నాడు.

"లైసెన్సు కాగితం చదవలేదా? ఫలితాలకు మన బాధ్యత లేదని స్పష్టంగా ఉంది. నువ్వు వెళ్ళి తప్పు మాదే అంటే రేపు అందరూ మన నెత్తినెక్కుతారు. నెమ్మదిగా సరిచేసి కొత్త వెర్షన్ పంపుదాం. పెద్ద విషయం కాదు, పావేగా!"

"పావేగా? నీ కళ్ళద్దాల్లో ఆ పావు తీసేసి ఒక వారం కారు నడుపు, చూద్దాం!"

"అబ్బ, ఊరికే అరుస్తావేంటి?"

"ఊరికేనా? నా పేరు దొంగతనం చేసి ఒక మనిషి పొట్ట కొట్టావు. అరవకుండా జోల పాడమంటావా?"

నా గొంతు పక్క వీధికి వినిపించి ఉంటుంది. ముందు గదిలోంచి మామయ్య వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, తప్పిన మూడు పరీక్షల కాగితం చాలాసేపు చూశాడు. నేను కాచుకుని ఉన్నాను. నియమం పెట్టిన మనిషి కదా, అల్లుడని చూడకుండా కడిగేస్తాడనుకున్నాను.

"దీన్ని మనమే రాసుకోవాలి," అన్నాడు. "సిస్టమ్ మీద ఆధారపడకూడదు. రెండు రోజుల పని."

"అది సరే మామయ్యా. టిక్కు మాటేంటి?"

"సరిచేశాక ఎలాగూ నిజమే అవుతుంది కదమ్మా."

"నిజమయ్యేలోపు ఆయన ఉద్యోగం పోతుంది. టిక్కు అబద్ధమని, తప్పు మనదని ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టు. సోమవారం నేను పట్టుకెళ్తాను."

మామయ్య అల్లుడి వైపు చూశాడు, తర్వాత కిటికీ వైపు చూశాడు. "ఇంట్లో అమ్మాయి బాధపడుతుందే మిరపకాయ్. దాని మొగుడు చేసిన పని నేను కాగితం మీద పెడితే ఎలా ఉంటుంది చెప్పు?"

నా పేరు కాగితం మీద పెట్టినప్పుడు మాత్రం ఎవరికీ ఏమీ అనిపించలేదు!

ఒక మాట చెప్పుకోవాలి. శని, ఆదివారాలు మామయ్య కదలకుండా కూర్చుని ఆ లెక్కను తిరగరాశాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి, నలభై వరసల కోడ్, ఒక్క పొరపాటు లేదు. ఆదివారం సాయంత్రం ఆరువందల నలభై పరీక్షలూ నెగ్గాయి. ఉత్తరం కూడా ఇచ్చాడు. చదివాను. 'కొన్ని ప్రత్యేక సందర్భాలలో, వాడే విధానాన్ని బట్టి, స్వల్ప తేడాలు కనిపించే అవకాశం లేకపోలేదు' అని ఉంది. ఎవరు చేశారో లేదు, ఏం చేశారో లేదు. వాడే విధానాన్ని బట్టి అంటే మళ్ళీ ఆ అద్దాలాయన మీదికే నెట్టారన్నమాట. అంత శుభ్రంగా కోడ్ రాసిన చేతులకు 'తప్పు మాది' అన్న రెండు మాటలు రాయడం రాలేదు. ఉత్తరం ఆయన ముందే చింపి బుట్టలో వేశాను.

వెళ్ళేముందు పట్టిక తెరిచాను. శుక్రవారం నేను తీసేసిన టిక్కు మళ్ళీ వచ్చి కూర్చుంది, నా పేరుతో సహా. ఈసారి టిక్కు తీసి, ఆ గడిలో ఇలా రాశాను: 'పాత వెర్షన్ ఈ సిస్టమ్ మీద తప్పు లెక్క ఇస్తుంది. పరీక్షించకుండా టిక్కు పెట్టాం. వాడకండి. కొత్త వెర్షన్ తీసుకోండి. మిరప.' రాసి, వెబ్‌సైట్ పాస్‌వర్డ్ మార్చేశాను.

సోమవారం పొద్దున్న రెండు ల్యాప్‌టాప్‌లు సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఒకదాంట్లో పాత సిస్టమ్, ఒకదాంట్లో కొత్తది. ల్యాబు ఒక సందులో మొదటి అంతస్తులో ఉంది. లోపల అరగదీసే మిషన్లు, వాటిమీద పడే నీళ్ళ చప్పుడు, గాజు పొడి కలిసి తెల్లబడిన నేల. ఓనరు గాజు తలుపు వెనక కూర్చుని ఉన్నాడు. అద్దాలాయన తలుపు బయట స్టూలు మీద కూర్చున్నాడు. సొంత పనిచోట చుట్టంలా! నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఫోన్‌లో విన్న గొంతుకు సరిపడా సన్నటి మనిషి.

ఓనరు మొదట నన్ను లోపలికి రానివ్వలేదు. "మీరు ఆయన తరఫున మాట్లాడ్డానికి వచ్చారా?" అన్నాడు.

"మా తప్పు ఒప్పుకోడానికి వచ్చాను. ఐదు నిమిషాలు చూడండి, తర్వాత మీ ఇష్టం."

రెండు ల్యాప్‌టాప్‌లూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. రెండింట్లోనూ ఆయన దగ్గర తెప్పించుకున్న ఆయన ప్రోగ్రామే. ఓనరు చేతనే రెండింట్లోనూ పవర్ రెండు కొట్టించాను, అరపావు కలిపే ఫ్రేము దూరం కొట్టించాను. రెండుకూ రెండుంపావుకూ సరిగ్గా మధ్యన పడింది. పాతది రెండుంపావు అంది. కొత్తది రెండు అంది.

ఓనరు మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అంతే. మూడోసారి కొట్టాడు.

"ప్రోగ్రాము ఒకటే. మారింది అడుగున ఉన్న సిస్టమ్. మారినా లెక్క మారకుండా చూడవలసింది మా కంపైలర్. చూడలేదు. నడుస్తుందని మేము వెబ్‌సైట్‌లో పెట్టింది అబద్ధం. ఈయన అది నమ్మారు. ఈయన చేసింది అంతే," అన్నాను. కొత్త వెర్షన్ ఎక్కించి చూపించాను. రెండుంపావు వచ్చింది.

ఓనరు గడ్డం గోక్కున్నాడు. "అబ్బే, నాకు ఆయన మీద ఎప్పుడూ అనుమానం లేదండీ. ఏదో కోపంలో అన్నాను. రేపట్నుంచి మామూలుగానే వస్తారు," అన్నాడు.

ఇరవై రెండేళ్ళ మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టినవాడికి ఎప్పుడూ అనుమానం లేదట! నోటిదాకా వచ్చింది, మింగాను. అక్కడ ఉద్యోగం నాది కాదు.

అద్దాలాయన ఇంకా తెర వైపే చూస్తున్నాడు. "అయితే నా లెక్క సరైనదేనా అండీ?" అన్నాడు.

"సరైనదే."

"మొత్తం?"

"మొత్తం. ఒక్క వరస కూడా మార్చక్కర్లేదు."

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. నలభై మూడు పేర్లు, చిరునామాలు. అందులో పంతొమ్మిదింటికి గీత కొట్టి ఉంది.

"ఈ పంతొమ్మిది ఇళ్ళకీ వెళ్ళానండీ. తప్పు నాదేనని చెప్పి క్షమాపణ అడిగి రమ్మన్నారు ఓనరుగారు. అడిగాను. ఒకాయన తలుపు మొహం మీదే వేశాడు. మిగతా ఇరవై నాలుగు ఇళ్ళకీ ఇవాళ వెళ్దామనుకున్నా. ఇప్పుడు వాళ్ళకి ఏం చెప్పాలండీ?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి జాలితో వచ్చినవి కావు, ఒళ్ళు మండి వచ్చినవి. ఏ పాపం తెలియని మనిషి ఎండలో పంతొమ్మిది గడపలు తొక్కి తల వంచుకుని నిలబడ్డాడు. చేసిన మనిషి కాఫీ కప్పు పట్టుకుని 'పావేగా' అన్నాడు.

"మీరేం చెప్పక్కర్లేదు. నేను చెప్తాను. పదండి," అన్నాను. "ముందు ఆ పంతొమ్మిది ఇళ్ళకే వెళ్దాం."

మొదటి పేరు ఒక దర్జీ ఆవిడది. రెండు వీధుల అవతల, మెట్ల కింద చిన్న గది. అరవై దాటి ఉంటాయి. కుట్టుమిషన్ ముందు వంగి, గుడ్డను ముక్కుదాకా తెచ్చుకుని కుడుతోంది. ఎడమ చేతి చూపుడువేలికీ మధ్యవేలికీ ప్లాస్టర్లు. అద్దాలాయనను చూడగానే మిషన్ ఆపింది.

"మళ్ళీ వచ్చావా? మొన్న చెప్పావు కదయ్యా."

"ఆయన చెప్పింది తప్పమ్మా," అన్నాను ముందుకొచ్చి. "ఆయన లెక్క సరిగ్గానే ఉంది. కంప్యూటర్‌లో మేము పెట్టింది తప్పు. పరీక్షించకుండానే పరీక్షించామని రాశాం. అది నమ్మి ఈయన పని చేశారు. మీ అద్దాలు రేపే మార్చి ఇస్తారు. తప్పు మాది."

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముక్కు మీద రెండు ఎర్రటి గాట్లు. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వే రాశావా, పరీక్షించామని?"

"నా పేరుతో రాశారు. రాసింది నేను కాదు."

"చూడమ్మా," అంది, కోపం లేకుండా, అలసిపోయిన గొంతుతో. "నెల రోజుల్నుంచి తల పగిలిపోతోంది. కళ్ళు పోతున్నాయేమోనని రాత్రిళ్ళు ఏడ్చాను. మొన్న ఈయనొచ్చి తప్పు నాదన్నాడు. ఇవాళ నువ్వొచ్చి మాదంటున్నావు. చెయ్యనివాళ్ళంతా వస్తున్నారు. చేసినవాడు ఎప్పుడొస్తాడు?"

నా పట్టుదల, నా రెండు ల్యాప్‌టాప్‌లు, నా పాస్‌వర్డు, అన్నీ ఆ గదిలో ఎందుకూ పనికిరాకుండా పోయాయి. నేను కూడా మా ఇంటి మనిషిని వెనక దాచి, ముందు నేను నిలబడ్డాను. మామయ్య చేసినదీ అదే.

ఫోన్ తీసి నంబరు నొక్కాను. రెండోసారి మోగగానే ఎత్తాడు. గదంతా వినపడింది. "చెప్పు చెల్లెమ్మా, అక్కడ గొడవ సద్దుమణిగిందా?"

"చేసింది ఈయనేనమ్మా," అన్నాను. ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాను.

"చెల్లెమ్మ కాదు బాబూ," అందావిడ, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ. "నువ్వు చూడకుండా చూశానన్న అద్దాలు నా ముక్కు మీద ఉన్నాయి. మెట్ల కింద గది, ఎవర్ని అడిగినా చెప్తారు. ఎప్పుడొస్తున్నావు?"